లెడ్ అంటే సీసం

మా ఇంట్లో బూజుకి ఉన్నంత చెడ్డపేరు ఇంకెవరికీ లేదు. వానాకాలంలో ఎండు చేపల గంపలో ఏ మూలనో తెల్లగా నూగు కనిపించిందంటే అమ్మ మొహం మాడిపోయేది. ఒక్క చేపకి పట్టినా గంపంతా పోయినట్టే. ఆ గంపతో పూర్ణా మార్కెట్‌కి వెళ్తే దగ్గరికొచ్చేవాళ్ళు ఉండరు. అందుకని వానలు పడినన్నాళ్ళూ అమ్మ గంపలు విప్పి, వాసన చూసి, కాస్త ఎండ కనిపిస్తే చాలు మళ్ళీ ఆరబోసేది. అలాంటి ఇంట్లో పుట్టిన నేను ఇన్నేళ్ళుగా బూజు పెంచి జీతం తీసుకుంటున్నాను. అమ్మ బతికి ఉంటే ఏమనేదో నాకు బాగా తెలుసు కాబట్టి ఇక్కడ రాయను.

దువ్వాడ దగ్గర ఒక కాలేజీలో నేను ల్యాబ్ అసిస్టెంట్‌ని. గాజు సామాను కడగడం, ద్రావణాలు కలపడం, సీసాల మీద చీటీలు అంటించడం నా పని. నాకు ఓపిక తక్కువ. కడగని బీకరు సింకులో వదిలేసి వెళ్ళిన పిల్లల్ని క్లాసులోంచి వెనక్కి పిలిపించి కడిగించిన రోజులున్నాయి. నా వెనక వాళ్ళు నన్నేమని పిలుస్తారో కూడా నాకు తెలుసు. చీటీ సరిగ్గా లేని సీసా ల్యాబ్‌లో ఉండకూడదని వాళ్ళకి వెయ్యిసార్లు చెప్పి ఉంటాను.

మా మేడమ్ పరిశోధన అంతా నల్ల బూజు మీద. బెల్లం నీళ్ళలో దాన్ని పెంచుతాం. నాలుగైదు రోజులకి ట్రే నిండా మందంగా, నల్లగా పరుచుకుంటుంది. దాన్ని తీసి ఉడకబెట్టి చంపేస్తాం. సోడా నీళ్ళలో కడిగి, ఆరబెట్టి, పొడి చేస్తాం. సముద్రపు నాచు నుంచి తీసిన జిగురులో ఆ పొడి కలిపి, ఉప్పులాంటి మందు వేసిన నీళ్ళలోకి చుక్కలు చుక్కలుగా వదిలితే సగ్గుబియ్యం గింజల్లా గట్టిపడతాయి. విషపు లోహాలు కలిసిన నీళ్ళని ఆ గింజల మీదుగా పంపితే లోహం వాటికి అతుక్కుని ఉండిపోతుంది. బూజు చచ్చిపోయినా ఆ గుణం పోదు. గింజలు నిండిపోయాక పలచటి యాసిడ్‌లో కడిగితే పట్టుకున్నదంతా వదిలేస్తాయి, మళ్ళీ వాడుకోవచ్చు. ఆ కడుగునీళ్ళు మాత్రం పారబొయ్యకూడదు. మూత బిగించి, చీటీ రాసి, విడిగా దాచాలి.

ల్యాబ్‌లో మేం సీసం అనం, లెడ్ అంటాం. మేడమ్ లెడ్ అంటారు, పిల్లలు లెడ్ అంటారు, డబ్బా మీద లెడ్ అనే ఉంటుంది. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచీ నేనూ లెడ్ అనే అంటున్నాను. సీసం అన్న మాట నాకు తెలియక కాదు. అది మా ఇంటి మాట, ఇది కాలేజీ మాట. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాల్సిన అవసరం నాకెప్పుడూ రాలేదు. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే నేను చేసిన తప్పంతా ఇక్కడే ఉంది.

మా పుట్టిల్లు వన్ టౌన్ దాటాక, హార్బర్ గోడకి ఇవతల, సముద్రం మీద బతికే వాళ్ళ పేటలో. అన్నయ్య మరబోటు మీద వెళ్తే పది పన్నెండు రోజులకి గానీ తిరిగిరాడు. వదిన తెల్లారకుండానే చేపలకి వెళ్ళిపోతుంది. మోకాళ్ళు అరిగిపోయి సముద్రం మానేసిన నాన్న ఇంటి దగ్గరే ఉంటాడు. వలలు బాగుచేసి ఇస్తాడు, మనవరాల్ని చూసుకుంటాడు. అన్నయ్యకి పెళ్ళయిన చాలా ఏళ్ళకి పుట్టిన పిల్ల కావడంతో దాన్ని కింద దింపేవాళ్ళు కాదు. దానికి తాతయ్యే అన్నీ. ఆయన ఏది ఎలా చేస్తే అదీ అలాగే చేసేది. ఆయన వీపు వెనక చేతులు కట్టుకుని నడిస్తే తనూ చేతులు కట్టుకునేది. ఆయన దగ్గితే దగ్గేది.

పెరట్లో బావి ఉంది. అమ్మ ఎక్కడో వీధి కుళాయి దగ్గర బిందెల వరసలో గంటలు గంటలు నిలబడుతుంటే చూడలేక, నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు నాన్న స్వయంగా తవ్విన బావి అది. ఇసకలో తవ్వడం, వరలు దింపడం అంతా ఆయనే. సముద్రానికి అంత దగ్గరగా నీళ్ళు కొబ్బరినీళ్ళలా పడ్డాయి. ఇంటికి ఎవరొచ్చినా కూర్చోమనే లోపే గ్లాసుతో నీళ్ళు చేతికిచ్చి, వాళ్ళు తాగేదాకా మొహంలోకి చూసేవాడు. బోటెక్కే ముందు అన్నయ్య క్యాన్లు నింపుకునేది ఆ బావిలోనే. కుళాయి నీళ్ళు ఇంటికే వచ్చాక కూడా తాగడానికీ వంటకీ అవే వాడేవాళ్ళు. కుళాయి నీళ్ళు బ్లీచింగ్ కంపు కొడతాయని నాన్న అటు తిరిగి కూడా చూసేవాడు కాదు.

పిల్లకి రెండున్నరేళ్ళు వచ్చినా మాటలు సరిగ్గా రాలేదు. ఒకటీ అరా మాటలు, అంతే. అన్నం సరిగ్గా తినేది కాదు. పొట్ట పట్టుకుని ఏడ్చేది. మొహం పాలిపోయి ఉండేది. వదినతో పాటు నేనూ ఆస్పత్రికి వెళ్ళాను. డాక్టరుగారు రక్తం పరీక్షలు చాలా రాశారు. వాటిలో ఒకటి చూసి, నేను ఎక్కడ పనిచేస్తానో కనుక్కుని, కాగితం నా వైపు తిప్పారు. పిల్ల రక్తంలో లెడ్ ఉంది, ఉండకూడనంత ఉంది. నేను రోజూ చేత్తో ముట్టుకునే విషం పేరు నా మేనకోడలి పేరు పక్కన అచ్చయి ఉంది. మొదట నాకొచ్చిన ఆలోచన, నా బట్టలకి అంటుకుని నేనే మోసుకొచ్చానేమోనని. ఆ రాత్రి చీర విప్పి బకెట్లో నానబెట్టి ఏడ్చాను.

మర్నాడు పుట్టింటికి వెళ్ళి కుళాయి నీళ్ళు, బావి నీళ్ళు, బిందెలో నీళ్ళు వేరువేరు సీసాల్లో పట్టి ల్యాబ్‌కి తీసుకెళ్ళాను. కుళాయి నీళ్ళు బాగానే ఉన్నాయి. బావి నీళ్ళలో లెడ్ ఉంది.

నాన్నకి చెప్పడానికి వెళ్ళిన సాయంత్రం బాగా గుర్తుంది. ఆయన బావి గట్టు మీద కూర్చుని వల ముడులు చూస్తున్నాడు. పిల్ల ఆయన ఒళ్ళో ఉంది. మా పేటలో ఆడపిల్లని గుంట అంటారు.

"నీళ్ళలో లెడ్ ఉన్నాది నాన్నా. గుంటకి పట్టొద్దు" అన్నాను.

"లెడ్డేటి? అదేటది?"

"ఒక మెటల్. విషం లాంటిది. పెద్దాళ్ళకన్నా పిల్లలకి మరీ సెడ్డది."

"నా బావిలోకి ఏడ నుంచి వచ్చినాది?"

నాకు తెలియదు. తెలియదని అనొచ్చు. కానీ నేను చదువుకున్నదాన్ని, ల్యాబ్‌లో పనిచేసేదాన్ని, తెలియదనడం నాకు చేతకాదు. హార్బర్ గోడ వైపు, ఆ వెనకాల కనిపిస్తున్న పొగగొట్టాల వైపు చెయ్యి ఊపాను. "ఎన్ని ఫ్యాక్టరీలు లేవు నాన్నా, ఏదో దాన్నుంచి" అన్నాను.

ఆ చెయ్యి ఊపడంతో నాన్న మారిపోయాడు. అంతకుముందు పేటలో పెద్దగా నోరెత్తని మనిషి, ఇంటింటికీ వెళ్ళి లెడ్డు, లెడ్డు అని చెప్పాడు. మా పేట మీద నల్లటి దుమ్ము పడటం కొత్త కాదు. ఆరేసిన బట్టల మీద, ఎండేసిన చేపల మీద పడుతూనే ఉంటుంది. అందుకని అందరూ నమ్మారు. సోమవారం అధికారులకి ఇవ్వడానికి అర్జీ రాయమన్నారు. రాసింది నేనే. "మా బావి నీటిలో కర్మాగారముల వలన లెడ్ అను విష పదార్థము చేరినది" అని చక్కటి తెలుగులో రాశాను. నాన్నకి చదవడం రాదు. రెండుసార్లు పైకి చదివి వినిపించాను. ఆయన తలూపి, తన పేరు నెమ్మదిగా గీసినట్టు రాసి, సోమవారం తీసుకెళ్ళి ఇచ్చొచ్చాడు. చక్కటి తెలుగు అన్నాను కదా, అందులో తెలుగు కాని మాట ఒక్కటే. అదే అసలు మాట.

బావి మూసేద్దామంటే మాత్రం నాన్న ఒప్పుకోలేదు. "మీ యమ్మ కోసం తవ్వినాను. ఆ ఫ్యాక్టరీలోల్లు ఇసం పోస్తే నా బావి నాను మూసుకోవాలేటి?" అన్నాడు. ఆ కోపంలో న్యాయం ఉందనిపించింది. ఉందని నేనూ అనుకున్నాను కాబట్టే గట్టిగా పట్టుబట్టలేదు. పిల్లకి మాత్రం నీళ్ళ క్యాన్లు కొనిపెట్టాం. అది మాత్రం తాతయ్య గ్లాసులోవే తాగుతానని మారాం చేసేది. ఆయన కాదనలేకపోయేవాడు.

అప్పుడు నాకు మా బూజు గుర్తొచ్చింది. ఆ గింజలు బావి దగ్గర పెట్టొచ్చా అని మేడమ్‌ని అడిగాను. "ల్యాబ్‌లో పనిచేసిందల్లా పెరట్లో పనిచేస్తుందని అనుకోకు. వారం వారం నీళ్ళు తెచ్చి పరీక్ష చెయ్యి. నేను సరే అనేదాకా ఎవరూ తాగకూడదు" అన్నారు. ప్లాస్టిక్ పైపులో గింజలు నింపి, కిందా పైనా గుడ్డ కట్టి, పైన చిన్న డ్రమ్ము పెట్టాం. దాన్ని బావి పక్కన నిలబెట్టింది నాన్నే. పడవకి కట్టే ముడులతో కట్టాడు, తుఫానొచ్చినా కదలదు.

ఆ గింజలేమిటో చెప్పాల్సి వచ్చింది. బూజు అనగానే వదిన ముక్కు మూసుకుంది. నాన్న ఒక గింజ అరచేతిలో వేసుకుని దొర్లించి చూశాడు.

"ఇదేటి సేత్తాది?"

"లెడ్‌ని తినేస్తాది నాన్నా" అన్నాను. తినదు. పట్టుకుంటుంది, అంతే. కానీ పట్టుకుంటుందని చెప్తే మళ్ళీ ఎలా, ఎందుకు అని అడుగుతాడు. నాకు ఓపిక తక్కువని చెప్పాను కదా.

"మీ యమ్మ బతుకంతా దీన్ని దులిపింది. ఇప్పుడు ఇదే మనల్ని బతికిత్తాదేటి?" అని నవ్వాడు. గొడవంతా మొదలయ్యాక ఆయన నవ్వడం అదే మొదలు.

పేటలో ఆటపట్టించడాలు మొదలయ్యాయి. పక్కింటాయన గోడ మీంచి తొంగి చూసి, "బావా, ఎండు సేపలకి పట్టిన బూజు మా ఇంట్లో గంపెడున్నాది. నీ కూతురు కొంటాదేటి?" అనేవాడు. నాన్న పట్టించుకునేవాడు కాదు. పొద్దున్నే డ్రమ్ము నింపడం, సన్నటి ధార ఆగకుండా చూసుకోవడం, కాకులు మురికి చెయ్యకుండా కాపలా కాయడం ఆయన పనయిపోయింది. పదిహేను రోజులకోసారి నేను వెళ్ళి పాత గింజలు డబ్బాలో వేసుకుని, కొత్తవి నింపి వచ్చేదాన్ని. వెళ్ళినప్పుడల్లా నాన్న ఒకటే అడిగేవాడు. "కడుపు నిండా తిన్నాయేటి?"

తిన్నాయి. వారం వారం తెచ్చిన నీళ్ళలో లెడ్ తగ్గుతూ వచ్చి, చివరికి యంత్రానికి కూడా అందనంతగా తగ్గిపోయింది. రెండు నెలలు అలాగే నిలిచాక మేడమ్ సరే అన్నారు. గుంటకి పైపు నీళ్ళు పట్టొచ్చని ఒకటికి రెండుసార్లు ఫోన్ చేసి చెప్పాను. గర్వం అది. దాచుకోను. ఇన్నేళ్ళు ఎవరెవరివో ప్రయోగాలకి గాజు కడిగిన చేతులు మొదటిసారి సొంతింటి పిల్లకి పనికొచ్చాయనుకున్నాను. కాలేజీలో పిల్లల మీద కూడా ఆ వారమంతా అరవలేదు.

ఆ మరుసటి నెల మళ్ళీ రక్తం పరీక్ష చేయించాం. తగ్గలేదు. కొంచెం పెరిగింది.

డాక్టరుగారు వదినని చూసి, తర్వాత నన్ను చూసి అడిగారు. "ఇంట్లో లెడ్ ఉన్న వస్తువులేమైనా ఉన్నాయా? బాగా ఆలోచించి చెప్పండి."

వదిన లేవంది. ఆమె పక్కనే కూర్చున్న నేను కూడా లేవన్నాను. లెడ్ అంటే నా కళ్ళ ముందుకి వచ్చేది తెల్లటి పొడి ఉన్న డబ్బా, దాని మీద పుర్రె బొమ్మ. అలాంటిది మా ఇంట్లో ఎక్కడుంది? లేదు. నిజమే చెప్పాననుకున్నాను.

ఆ ఆదివారం గింజలు మార్చడానికి వెళ్ళాను. మధ్యాహ్నం. వదిన లోపల పడుకుని ఉంది. బావి పక్కన అరటి చెట్ల నీడలో నాన్న విసురు వల ఒళ్ళో వేసుకుని కూర్చున్నాడు. దాని అంచు తాడుకి బరువులు కడుతున్నాడు. వల నీళ్ళలో మునగాలంటే అంచు పొడుగునా సీసం గుళ్ళు ఉండాలి. అవి లేకపోతే వల నీటి మీద తేలిపోతుంది. ఆయన ముందు పాత బిస్కెట్ డబ్బా ఉంది. పిల్ల అందులోంచి ఒక్కో గుండు తీసి తాతయ్య చేతికిస్తోంది. ఆయన దాన్ని తాడుకి తొడిగి, నోట్లో పెట్టుకుని పళ్ళతో నొక్కుతున్నాడు. మెత్తటి సీసం పంటి కింద అణిగి తాడుని పట్టేస్తుంది. సుత్తి అక్కర్లేదు. మా పేటలో అందరూ చేసే పనే. చిన్నప్పుడు నేనూ చేశాను.

పిల్ల బుగ్గ ఉబ్బి ఉంది. వక్క పెట్టుకున్న ముసలమ్మలాగా.

నేను దాని నోట్లో వేలు పెట్టి తీశాను. సీసం గుండు. ఎంతసేపటి నుంచో చప్పరిస్తున్నట్టు నున్నగా, వెచ్చగా ఉంది. తీసినందుకు అది ఏడుపు లంకించుకుంది.

"ఏటైపోనాది? మింగదులే, నాను సూత్తనే ఉన్నాను" అన్నాడు నాన్న. "నా పక్కన కూకుని నాతో పాటే కొరుకుతాది. సానా తెలివైంది."

"ఇదేటి నాన్నా?" అన్నాను.

"సీసం. సీసం కాకపోతే మరేటి?"

ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చాక, ఇన్నాళ్ళూ వేరువేరు గదుల్లో ఉన్న రెండు మాటలు నా బుర్రలో ఒక దాని పక్కన ఒకటి నిలబడ్డాయి. అక్కడే ఇసకలో కూర్చున్నాను.

"నాన్నా. లెడ్ అంటే సీసమే."

ఆయన నా వైపు అర్థం కానట్టు చూశాడు. నేను మళ్ళీ చెప్పాను. మూడోసారి కూడా చెప్పాను. కాలేజీ భాషలో దాన్ని లెడ్ అంటారు, మన భాషలో సీసం అంటారు, రెండూ ఒకటే. బావిలో ఉన్నదీ అదే, పిల్ల రక్తంలో ఉన్నదీ అదే.

ఆయన డబ్బాకి మూత పెట్టాడు. చేతిలో ఉన్న వలని జాగ్రత్తగా పక్కన పెట్టాడు. తర్వాత అరటి చెట్ల మొదలు వైపు చూశాడు.

"మడ్డి అక్కడే పోసినాను" అన్నాడు.

ఏ మడ్డో నాకు తెలుసు. నా చిన్నప్పుడు వన్ టౌన్‌లో పాత సామాన్ల కొట్టు నుంచి నాన్న పాడైపోయిన బ్యాటరీలు తెచ్చేవాడు. పగలగొట్టి, లోపలి యాసిడ్ బావి పక్కన ఇసకలో ఒంపేవాడు. సీసం పలకల్ని మూకుడులో వేసి ఆ బావి పక్కనే కాచేవాడు. పక్కన నీళ్ళుంటే మంచిదని. పైన తేలిన మడ్డి గరిటెతో తీసి అరటి మొదట్లో పోసేవాడు. కరిగింది ఇటుకలో తొలిచిన గాడుల్లో పోసి గుళ్ళు చేసేవాడు. పొయ్యి దగ్గర కూర్చుని గొట్టంతో ఊదింది నేనే. ఆ పొగ తియ్యగా ఉంటుందని అమ్మకి చెప్పింది నేనే. పేటలో సగం వలలకి గుళ్ళు మా పెరట్లోనే తయారయ్యేవి. నాన్న చేసిన గుళ్ళకి మంచి పేరుండేది. ఎన్నో ఏళ్ళు అలా సాగింది. వాన పడినప్పుడల్లా ఆ ఇసక లోంచి నీళ్ళు బావిలోకి దిగుతూనే ఉన్నాయి.

ఇవన్నీ నేను మర్చిపోలేదు. మర్చిపోయి ఉంటే నన్ను నేను క్షమించుకునేదాన్ని. అన్నీ గుర్తున్నాయి, కానీ వేరే పేరుతో గుర్తున్నాయి. మొదటి రోజు సాయంత్రం నేను సీసం అని ఉంటే, "మనం కాసిన సీసమేటి?" అని ఆయన ఆ క్షణమే అడిగి ఉండేవాడు. నేను గొట్టాల వైపు చెయ్యి ఊపాల్సిన పని ఉండేది కాదు. ఆ నాలుగైదు నెలలు పిల్ల తాతయ్య పక్కన కూర్చుని గుళ్ళు చప్పరించి ఉండేది కాదు. పైపులో బూజు తన పని తాను చేసింది. నేనే నా పని చెయ్యలేదు.

నాన్న ఆ రోజు ఒక్కటే అడిగాడు.

"ఆ అర్జీ ఎనక్కి తీసీగలమేటి?"

"అది కాదు నాన్నా ఇప్పుడు ముఖ్యం" అన్నాను.

"నీకు కాదు" అని లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

ఫ్యాక్టరీల దుమ్ము అబద్ధమని కాదు, అది వేరే సంగతి. మా బావిలోది మాత్రం మా చేత్తో మేం పోసుకున్నదే. అరటి మొదట్లోంచి చెంచాడు ఇసక తెచ్చి పరీక్ష చేస్తే యంత్రం అంత పెద్ద అంకె చూపించలేకపోయింది. నీళ్ళు కలిపి పలచన చేసి మళ్ళీ పెట్టాల్సి వచ్చింది. మేడమ్ ఆ కాగితం చూసి నా భుజం మీద చెయ్యి వేశారు.

తర్వాత చెయ్యాల్సినవి చేశాం. బావికి మూత వేయించాం. వదిన పిల్లని తీసుకుని వాళ్ళ అమ్మగారింటికి వెళ్ళిపోయింది. నాన్న మీద కోపంతో కాదంది, పిల్ల కోసమంది. రెండూ ఉన్నాయని అందరికీ తెలుసు. అన్నయ్య బోటు దిగి వచ్చి, విని, తండ్రితో మాట్లాడకుండానే మళ్ళీ వెళ్ళిపోయాడు. నాన్న ఒక్కడే ఆ ఇంట్లో కుళాయి నీళ్ళతో వండుకుని తిన్నాడు.

రెండు వారాలు గడిచాక ఒక పొద్దున్న కాలేజీ గేటు దగ్గర్నుంచి వాచ్‌మన్ ఫోన్ చేశాడు. "మీ నాన్నగారంట" అన్నాడు. ఇన్నేళ్ళలో నాన్న ఎప్పుడూ నా కాలేజీకి రాలేదు. రైలెక్కి దువ్వాడలో దిగి, దారి అడుక్కుంటూ ఆ మోకాళ్ళతో నడుచుకుంటూ వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ల్యాబ్ గుమ్మం దగ్గర చెప్పులు విప్పబోతే వద్దన్నాను, వినలేదు. చంకలో గుడ్డతో మూటకట్టిన బిస్కెట్ డబ్బా ఉంది. బరువుకి భుజం ఒక పక్కకి ఒరిగిపోయింది.

డబ్బా బల్ల మీద పెట్టి మూత తీశాడు. గుళ్ళు. విసురు వల గుళ్ళు, పాత వలల గుళ్ళు, ఇంట్లో ఉన్నవన్నీ. తాళ్ళ నుంచి ఒక్కొక్కటీ కోసి తీసినట్టున్నాడు. చాలావాటి మీద ఆయన పళ్ళ గుర్తులు అలాగే ఉన్నాయి. గుళ్ళు లేని వలతో ఎవరూ ఏమీ చెయ్యలేరు.

"ఆ బూజు సూపీ" అన్నాడు.

చూపించాను. ట్రేలో నాలుగో రోజు బూజు, నల్లటి మఖమల్ గుడ్డ పరిచినట్టు ఉంది. ఆయన వంగి, చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇదంతా దీనికి పెట్టీ. ఎన్నాళ్ళకి తినీగలదు?"

రెండోసారి అబద్ధం చెప్పలేకపోయాను. "అది తినదు నాన్నా. నాను తప్పు సెప్పినాను. నీళ్ళలో కరిగిపోయి, కంటికి కనబడకుండా ఉన్న సీసాన్ని పట్టుకుని ఒగ్గదు, అంతే. ఇలగ ముద్దలుగా ఉన్నదాన్ని అదేటీ సెయ్యలేదు."

"నీళ్ళలోదే పట్టుకుంటాది."

"ఊఁ."

"మరి నెత్తురు కూడా నీళ్ళే కదా. గుంట నెత్తుట్లోది పట్టుకోదేటి?"

ఇన్నేళ్ళలో ఎందరో పెద్ద పెద్ద వాళ్ళు మా ల్యాబ్‌కి వచ్చి బూజు గురించి ఎన్నో ప్రశ్నలు అడిగారు. ఇది ఎవరూ అడగలేదు. పట్టుకోదని చెప్పాను. ఇంక కొత్తగా ఒంట్లోకి వెళ్ళకపోతే నెత్తుట్లోది నెమ్మదిగా తగ్గుతుందని డాక్టరుగారు అన్నారని చెప్పాను. మాటలు వస్తాయా అని అడిగాడు. వస్తాయి, ఆలస్యంగా వస్తాయి, అందరు పిల్లల్లా వస్తాయో రావో ఇప్పుడే చెప్పలేమన్నారని చెప్పాను. ఆయన తలూపాడు. అర్జీ చదివి వినిపించినప్పుడు ఊపినట్టే ఊపాడు.

తర్వాత చొక్కా జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీశాడు. విప్పితే ఒకే ఒక్క గుండు. దాని మీద ఉన్న గుర్తులు ఆయన పళ్ళవి కావు. సన్నగా, చిన్నగా, బియ్యపుగింజ పట్టేంత.

"ఇది గుంట కొరికింది" అన్నాడు. "వాటిలో కలిపీకు."

నేను దాన్ని చిన్న సీసాలో వేసి మూత బిగించాను. చీటీ, కలం తీసుకున్నాను. ఇన్నేళ్ళూ చీటీలన్నీ ఇంగ్లీషులోనే రాశాను, చెయ్యి అటే వెళ్ళింది. ఆపాను. తెలుగులో, పెద్ద అక్షరాలతో రాసి అంటించి ఆయన ముందు పెట్టాను. ఆయనకి చదవడం రాదు.

"ఏటి రాసినావు?" అని అడిగాడు.

"సీసం" అన్నాను.